భవిత కేంద్రం: పిల్లాణ్ణి పంపే ముందు చూసుకోవలసినవి

ముందే చెప్పేస్తున్నాం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మండలంలో బోధన, థెరపీ ఇచ్చే భవిత కేంద్రం మంచి సేవే, కానీ అది బడి కాదు, బడికి తోడు. ఈ తేడా తెలియక చాలా ఇళ్లలో పిల్లలకు రెండు మూడేళ్లు చేజారిపోతున్నాయి. పేరేమో ఊళ్లో ప్రాథమిక పాఠశాల హాజరుపట్టీలో ఉంటుంది. పిల్లాడేమో వారానికి రెండు మూడు రోజులు మండల కేంద్రంలోని భవితకు వెళ్తాడు, మిగతా రోజులు ఇంట్లో టీవీ ముందు కూర్చుంటాడు. కాగితం మీద చూస్తే బడిలో చేరిన పిల్లాడే, అసలు చూస్తే ఏ క్లాసులోనూ లేని పిల్లాడు. అందుకే ఈ సమీక్షలో భవితను ఒక సేవగా తీసుకుని అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో, ఏ పిల్లలకు సరిపోతుందో, ఎవరికి ఇంకో చోటు వెతకాలో చెబుతున్నాం.

సర్వశిక్షా అభియాన్ రోజుల్లో మొదలైన ఈ కేంద్రాలు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష పథకం కింద మండల స్థాయిలో నడుస్తున్నాయి. కొన్ని చోట్ల సొంత భవనం ఉంది. కొన్ని చోట్ల మండల వనరుల కేంద్రం ఆవరణలోనో, జడ్పీ హైస్కూల్లోనో ఒక గది ఇస్తారు. ఫీజు లేదు. అక్కడ పనిచేసేవారిని తెలంగాణలో ఐఈఆర్పీలంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ఐఈఆర్టీలనీ సహిత విద్య (ప్రత్యేక అవసరాల పిల్లల్ని అందరితో కలిపి చదివించడం) టీచర్లనీ పిలుస్తారు. ఎక్కువ మంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. కేంద్రంలో పాఠం చెప్పడంతో వాళ్ల పని అయిపోదు. చుట్టుపక్కల బడుల్లో ఉన్న ప్రత్యేక అవసరాల పిల్లల్ని వెళ్లి చూడాలి, కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పాలి, వైకల్య నిర్ధారణ క్యాంపులకు పిల్లల్ని తీసుకెళ్లాలి, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించాలి. వెళ్లిన రోజు తలుపుకు తాళం కనిపించడానికి సగం కారణం ఇదే. టీచర్ ఏ వారం ఏ ఊళ్లో ఉంటారో ముందే అడిగి క్యాలెండర్ మీద రాసుకుంటే వృథా ప్రయాణాలు తగ్గుతాయి.

గది సంగతికొస్తే, సరంజామా బాగున్న కేంద్రంలో అడుగుపెట్టగానే నేల మీద మందపాటి మ్యాట్లు, గోడకు నిలువెత్తు అద్దం, నడక నేర్పే జంట కడ్డీలు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ, మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పడం) పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టే కుర్చీ, పెద్ద బంతి, రంధ్రాల్లో పుల్లలు గుచ్చే పెగ్ బోర్డులు, పూసలు కనిపిస్తాయి. ఇవి ఉన్నాయా లేవా అని మాత్రమే చూడకండి, వాడుతున్నారా లేదా చూడండి. సీపీ కుర్చీ నడుం పట్టీ ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంటే, పెగ్ బోర్డు బీరువాలో తాళం వేసి ఉంటే, అక్కడ ఆ వస్తువులు తనిఖీ కోసమే ఉన్నాయని అర్థం. పెగ్గులు మాసిపోయి, ఒకటి రెండు పోయి ఉంటే సంతోషించండి. పిల్లల చేతులు పడ్డ వస్తువు అలాగే ఉంటుంది.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న చాలామంది అడగరు. “మేడమ్, మీరు ఏ వైకల్యంలో శిక్షణ తీసుకున్నారు?” ప్రత్యేక విద్యలో డిప్లొమా అయినా బీఈడీ అయినా ఒక వైకల్యం ప్రధానంగా ఉంటుంది. ఒకరు వినికిడి లోపంలో, ఒకరు చూపు లోపంలో, ఒకరు బుద్ధిమాంద్యంలో చదివి ఉంటారు. బ్రెయిలీ నేర్పడంలో నిపుణురాలైన టీచర్‌కు ఆటిజం పిల్లాణ్ణి అప్పగిస్తే ఆమె తనకు చేతనైనంత చేస్తుంది, కానీ అది తన చదువు కాదు. ఇందులో ఆమె తప్పేమీ లేదు. మండలానికి ఒకరిద్దరిని ఇచ్చి అన్ని వైకల్యాల పిల్లల్నీ వాళ్ల దగ్గరికే పంపే పద్ధతిలోనే లోపం ఉంది. మీ పిల్లాడి అవసరానికి సరిపడే శిక్షణ ఉన్నవారు పక్క మండలంలో ఉంటే, నెలకోసారైనా ఆ టీచర్ చూసేలా ఏర్పాటు చేయమని సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయంలో సహిత విద్య చూసే అధికారికి రాసివ్వవచ్చు. టీచర్‌కు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు, మంచి టీచర్లు ఆ నంబర్ గర్వంగానే చెబుతారు.

ఫిజియోథెరపిస్టు రోజూ ఉండరు. ఒక్కరే నాలుగైదు మండలాలు తిరుగుతుంటారు గనుక ఏ కేంద్రానికైనా వారంలో ఒక రోజే దక్కుతుంది. పోలియో లాంటి కాళ్ల బలహీనత ఉన్నా, సెరిబ్రల్ పాల్సీ ఉన్నా, వారానికి ముప్పావు గంట వ్యాయామంతో కండరాలు సాగవు. ఆ రోజు తల్లిగానీ తండ్రిగానీ పక్కనే కూర్చుని ఏ కీలును ఎటు, ఎంతసేపు పట్టి ఉంచాలో చేత్తో చేసి నేర్చుకుని, మిగతా ఆరు రోజులు ఇంట్లో చేయాలి. ఫోన్‌లో వీడియో తీసుకోనివ్వమని అడగండి. బయట వరండాలో కూర్చోబెట్టి లోపల ఒంటరిగా చేసే థెరపీతో పిల్లాడికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. స్పీచ్ థెరపీ విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. చాలా కేంద్రాల్లో దానికంటూ మనిషి ఉండడు. మాటలు ఆలస్యమైన పిల్లలకు జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రాన్ని, అంటే డీఈఐసీని, విడిగా పట్టుకోవాలి.

ఇక వైకల్య సర్టిఫికెట్. సదరం క్యాంపులో ఇచ్చిన శాతాన్ని చూసి ఇంట్లోవాళ్లు కుంగిపోవడం, బడివాళ్లు భయపడటం మామూలైపోయింది. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే సగం భయం పోతుంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం (2024లో వీటిని సవరించారు) బుద్ధిమాంద్యం శాతాన్ని వైన్‌ల్యాండ్ సామాజిక పరిణతి స్కేలు మీద వచ్చిన సామాజిక పరిణతి సూచిక, అంటే ఎస్‌క్యూ బట్టి వేస్తారు. ఎస్‌క్యూ 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం, 36 నుంచి 54 ఉంటే 75 శాతం, 21 నుంచి 35 ఉంటే 90 శాతం, 20 లేదా అంతకంటే తక్కువైతే 100 శాతం. తొమ్మిదేళ్ల అమ్మాయి తన పనులు తాను చేసుకోవడంలో, మాటలో, నలుగురితో మెలగడంలో నాలుగున్నరేళ్ల పిల్లలా ఉందనుకోండి. నాలుగున్నరను తొమ్మిదితో భాగించి నూరుతో గుణిస్తే ఎస్‌క్యూ 50. సర్టిఫికెట్ మీద 75 శాతం పడుతుంది. అంటే ఆ అమ్మాయి మెదడులో ముప్పావు వంతు పనిచేయడం లేదని కాదు, నాలుగో వంతు చదువే వస్తుందనీ కాదు. పైగా ఎస్‌క్యూ 37 ఉన్న పిల్లాడికీ 54 ఉన్న పిల్లాడికీ ఒకే 75 పడుతుంది. ఒకరికి బట్టలు వేసుకోవడం నేర్పాలి, ఇంకొకరు రెండో తరగతి వాచకం చదవగలరు. చోటు నిర్ణయించేటప్పుడు సర్టిఫికెట్ శాతం పనికిరాదు, సైకాలజిస్టు రాసిన పరీక్ష వివరాలే పనికొస్తాయి. ఆ కాగితం ప్రతి క్యాంపులోనూ తనంతట తాను చేతికి రాదు, అడిగి తీసుకోవాలి.

సర్టిఫికెట్ వయసులు కూడా గుర్తుంచుకోండి. అయిదేళ్ల లోపు పిల్లలకు బుద్ధిమాంద్యం అని రాయరు, ఎదుగుదలలో ఆలస్యం అని తాత్కాలికంగా ఇస్తారు. ఆ తర్వాత 5, 10, 18 ఏళ్ల దగ్గర మళ్లీ చూపించుకోవాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) లాంటి నిర్దిష్ట అభ్యసన లోపాలకు ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. అంతవరకు ఆగాలని కాదు, సాయం ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టాలి.

చోటు ఎవరు నిర్ణయించాలి? బడి కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు పొరుగు బడిలోగానీ ప్రత్యేక పాఠశాలలోగానీ తాము కోరుకున్న చోట ఉచితంగా చదువుకోవచ్చు. విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ చేర్చుకునేటప్పుడు పిల్లల్ని పరీక్షించి వడపోయడాన్ని నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే మొదటిసారి 25 వేల రూపాయల వరకు, తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా ఉంది. 2012 సవరణతో తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే అవకాశం వచ్చింది. ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చదవండి. ఇంటి చదువును ఎంచుకునే హక్కు పిల్లాడిది. ఇంటికి పంపే హక్కు బడికి ఎవరూ ఇవ్వలేదు.

ఆచరణలో గొడవ ఇలా మొదలవుతుంది. “ఇక్కడ తట్టుకోలేడమ్మా, మేమే ఇద్దరం టీచర్లం. భవితకి తీసుకెళ్లండి” అంటారు హెడ్‌మాస్టర్. ఆయన మాటలో నిజం ఉంది, ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చూసే బడిలో బెంచీ మీద నిలవని పిల్లాణ్ణి చూసుకోవడం కష్టమే. అందుకని పోట్లాడకండి, ఒప్పుకుని ఊరుకోనూ వద్దు. “అలాగే సార్, భవితకీ తీసుకెళ్తాం. పేరు ఇక్కడే ఉంటుంది కదా, ఏ రోజులు ఇక్కడికి రావాలో, ఏ రోజులు అక్కడికి వెళ్లాలో మీరూ భవిత మేడమూ మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసివ్వండి” అనండి. ఈ ఒక్క కాగితంతో చాలా మారుతుంది. రాసిచ్చాక ఆ రోజుల్లో పిల్లాడు రాకపోతే బడికీ బాధ్యత ఉంటుంది. రాసివ్వకపోతే మీ విన్నపం రెండు కాపీలు తయారుచేసి, ఒకటి ఎంఈవో కార్యాలయంలో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని విన్నపానికి తర్వాత విలువ ఉండదు. అప్పటికీ కదలకపోతే జిల్లా విద్యాధికారి, ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు.

చేర్చుకునేటప్పుడు తరగతి విషయంలో పట్టుబట్టండి. విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతిలో చేర్చమంటుంది. తొమ్మిదేళ్ల వాణ్ణి అక్షరాలు రావని ఒకటో తరగతిలో పడేస్తే వాడికి ఈడువాళ్లు ఉండరు, చుట్టూ ఉన్న చిన్నపిల్లలు వాణ్ణి చూసి భయపడతారు, నాలుగేళ్లు పోయాక ఒడ్డూ పొడవూ పెరిగిన పిల్లాడు పసిపిల్లల మధ్య మిగిలిపోతాడు. నాలుగో తరగతిలో కూర్చుని ఒకటో తరగతి లెక్కలు చేయడంలో తప్పేమీ లేదు.

ఎవరికి ఏ చోటు అన్నదాని మీద మా అభిప్రాయం ఇది. చూపు తక్కువైనా, వినికిడి యంత్రంతో వినగలిగినా, కాళ్లు చేతుల బలహీనత ఉన్నా, డిస్లెక్సియా ఉన్నా, స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్నా, ఈ పిల్లలందరికీ ఊళ్లో బడే సరైన చోటు. భవిత వారానికి రెండు పూటలు చాలు, అదీ బడి పాఠానికి పనికొచ్చేలా. వీళ్లను రోజంతా భవితలో కూర్చోబెట్టడం అన్యాయం. తమ ఈడు పిల్లల మాట, ఆట, అల్లరి చూసి నేర్చుకునేది ఏ గదిలోనూ ఏ టీచరూ నేర్పలేరు.

మధ్యస్థ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు, మాటలు తక్కువగా ఉన్న ఆటిజం పిల్లలు అసలు చిక్కు. వీళ్లకు రోజూ నాలుగైదు గంటలు పద్ధతిగా నేర్పేవాళ్లు కావాలి. భవిత అంత సమయం ఇవ్వలేదు, ఊరి బడికి ఆ శిక్షణ లేదు. గంటలోపు ప్రయాణంలో మంచి ప్రత్యేక పాఠశాల ఉంటే ఎనిమిది తొమ్మిదేళ్ల వరకు అక్కడ చేర్చి, తన పనులు తాను చేసుకోవడం, చెప్పింది వినడం, బొమ్మతోనైనా సైగతోనైనా కావలసింది అడగడం వచ్చాక ఊరి బడికి మార్చడాన్ని ఆలోచించండి. గంట దాటితే మాత్రం మా ఓటు ఊరి బడి, భవిత రెండూ కలిపి నడపడానికే. పోనూ రానూ నాలుగు గంటలు బస్సులో నలిగిన పిల్లాడు అక్కడికి వెళ్లి నేర్చుకునేది పెద్దగా ఉండదు. తీవ్ర, బహుళ వైకల్యాలున్న పిల్లలకు ఇంటి దగ్గర చదువు తప్పనిసరి కావచ్చు. తెలంగాణలో ఐఈఆర్పీలు శనివారాలు ఇళ్లకు వెళ్తారు. వాళ్లు వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్లిపోతే ఆ చదువు లేనట్టే. ప్రతిసారీ ఒక కొత్త పని మీకు చేసి చూపించాలి, పోయిన వారం చూపించింది మీరు చేస్తుంటే సరిచూడాలి.

ఇప్పుడు ఈ సేవలో ప్రాణం ఎక్కడుందో అక్కడికొద్దాం. వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అందరూ ఐఈపీ అంటారు. ప్రతి పిల్లాడికీ ఒక ఫైలు ఉండాలి. ఉంటుంది కూడా. తెరిచి చదవండి. “రంగులు నేర్పుట, అంకెలు నేర్పుట, ప్రవర్తన మెరుగుపరచుట” అని ఉంటే ఆ ఫైలు తనిఖీకి రాసినది. పనికొచ్చే ఐఈపీ ఇలా ఉంటుంది: “ఎరుపు, పసుపు, నీలం బిళ్లలు ముందు పెట్టి ‘ఎరుపు ఇవ్వు’ అంటే, వేలు చూపించకుండానే, 5 సార్లలో 4 సార్లు సరిగ్గా తీసివ్వాలి. జూన్ చివర 0. సెప్టెంబర్ చివరికి సాధించాలి.” దీన్ని ఎవరైనా సరిచూడొచ్చు, అమ్మమ్మ కూడా ఇంట్లో గాజులతో సరిచూడొచ్చు.

అలాగే సాయం ఎంత చేస్తున్నారో రాయాలి. మధ్యాహ్న భోజనం ముందు చేతులు కడుక్కోవడాన్నే తీసుకోండి. కుళాయి తిప్పడం, చేతులు తడపడం, సబ్బు తీసుకోవడం, అరచేతులు రుద్దడం, వేళ్ల మధ్య రుద్దడం, నురుగు పోయేదాకా కడగడం, కుళాయి కట్టేయడం, తుడుచుకోవడం. మొత్తం ఎనిమిది మెట్లు. ఒక్కో మెట్టు దగ్గర చేయి పట్టి చేయించారా, మోచేయి తాకితే చేశాడా, మాట చెబితే చేశాడా, తనంతట తానే చేశాడా అని గుర్తు పెడతారు. సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ (ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ) తయారుచేసిన పరిశీలన పట్టికలో ఈ గుర్తులకు కోడ్‌లే ఉన్నాయి, చాలామంది టీచర్లకు అవి తెలుసు. ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, నెలల తరబడి చేయి పట్టి చేయిస్తూనే ఉంటారు. పిల్లాడు చేయి పట్టుకునేదాకా ఆగడం నేర్చుకుంటాడు. రెండు వారాలైనా ఒక మెట్టు మీద సాయం తగ్గకపోతే, ఆ మెట్టును ఇంకా రెండు ముక్కలు చేయాలి, లేదా కుళాయే మార్చాలి. తిప్పే కుళాయి తిరగని చేతికి నొక్కే కుళాయి తిరుగులేని మందు.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ ఎత్తరు, కానీ చాలామంది పిల్లల చోటు పోయేది అక్కడే. రెండుసార్లు నిక్కరు తడిపితే “ఇంట్లో నేర్పి పంపండి” అంటారు. బడికి పంపే నెల ముందు నాడా, బొత్తాల నిక్కర్లు మానేసి ఎలాస్టిక్ వేయండి. ఇంట్లో అయిదు రోజులు, ఏ సమయానికి తడుపుతున్నాడో రాసుకుంటే లెక్క తేలుతుంది. గంటన్నరకోసారి అయితే, బడిలో గంటా పావుకోసారి తీసుకెళ్లాలి. ఆ పని చేసేది ఎవరో పేరుతో తేల్చుకోండి, ఆయమ్మా, టీచరా, నాలుగో తరగతి అన్నా అని. ఆడపిల్లలకైతే ఇది ఇంకా ముఖ్యం. కమోడ్ పక్కన గోడకు కడ్డీ, తలుపు లోపలి గడియ అందే ఎత్తు కూడా చూడండి.

ఉపకరణాల విషయంలో క్యాంపులు బాగానే జరుగుతాయి. అలింకో సంస్థ కొలతలు తీసుకుని వీల్‌చైర్లు, కాలికి ఆసరాగా తొడిగే కాలిపర్లు, వినికిడి యంత్రాలు ఇస్తుంది. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. పిల్లలు పెరుగుతారు, కాలిపర్ పెరగదు. బిగుతైన కాలిపర్ మడమ దగ్గర ఎర్రటి గుర్తు వేసి, పుండు పడే దాకా తెస్తుంది. విప్పాక అరగంటకు కూడా ఎరుపు పోకపోతే ఇంక తొడగకండి. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకంలో ఒకసారి తీసుకుంటే మూడేళ్లు ఆగాలి, కానీ 12 ఏళ్ల లోపు పిల్లలకు ఆ గడువు ఏడాదే. ఈ సంగతి తెలియక మూడేళ్లు ఆగేవాళ్లు ఎందరో. వినికిడి యంత్రం కుయ్‌మని ఈల వేస్తుంటే యంత్రం పాడైందని పెట్టెలో దాచేస్తారు. చాలాసార్లు చెవి పెరిగి అచ్చు వదులైందంతే. కొత్త ఇయర్ మౌల్డ్ చేయిస్తే యంత్రం మళ్లీ పనిచేస్తుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. ప్రత్యేక అవసరాల ఆడపిల్లలకు సమగ్ర శిక్ష నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు ఇస్తుంది. కేంద్రానికి వచ్చే పిల్లలకు రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్టు భత్యం ఉన్నాయి. ఇవి హాజరును బట్టి ఖాతాలో పడతాయి గనుక ఆధార్ లింకైన బ్యాంకు ఖాతా, కేంద్రం రిజిస్టర్‌లో సంతకం రెండూ సరిగా ఉండాలి. ఏడాదికి ఒక్కో పిల్లాడికి 3,500 రూపాయలు అని మీరు వినే మొత్తం చేతికిచ్చేది కాదు. పరీక్షలు, పరికరాలు, బోధన సామగ్రి అన్నీ అందులోంచే. ఈ భత్యాల కోసమే కేంద్రంలో పేరు ఉంచి, పిల్లాణ్ణి బడి మాన్పించకండి.

ప్రత్యేక పాఠశాలను ఎంచుకుంటే మూడు కాగితాలు చూడండి. దివ్యాంగుల హక్కుల చట్టం కింద ఆ సంస్థ రిజిస్ట్రేషన్, టీచర్ల ఆర్‌సీఐ నంబర్లు, గతేడాది ఒక పిల్లాడి ఐఈపీ, పేరు కొట్టేసినదైనా సరే. తరువాత పిల్లల సంఖ్యను ప్రత్యేక టీచర్ల సంఖ్యతో భాగించండి. సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ తీర్పు తర్వాత కేంద్రం 2022లో విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌ను మార్చి, మామూలు బడుల్లోనే ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపైన 15 మందికి ఒకరు ప్రత్యేక టీచర్ ఉండాలని పెట్టింది. ప్రత్యేక పాఠశాల అంతకన్నా మెరుగ్గా ఉండకపోతే దాన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు. హాస్టల్‌లో ఉంచేలా ఉంటే, చెప్పకుండా ఒక సాయంత్రం ఆరింటికి వెళ్లండి. పొద్దున తొమ్మిదింటికి ప్రతి హాస్టలూ శుభ్రంగానే ఉంటుంది. మాటలు రాని పిల్లల్ని, ముఖ్యంగా పదేళ్ల లోపు వాళ్లను, హాస్టల్‌లో పెట్టడానికి మేం ఒప్పుకోం. తనకు జరిగింది చెప్పుకోలేని పిల్లాడికి రోజూ చూసే కళ్లు కావాలి.

ఎటూ తేలకపోతే రెండో అభిప్రాయానికి సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ ఉంది. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలైంది ఇదే. 2021లో అక్కడ సత్వర చికిత్స కేంద్రం కూడా తెరిచారు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు నెల్లూరులో దాని ప్రాంతీయ కేంద్రం దగ్గర. ఒక్కరోజులో అయిపోతుందనుకుని వెళ్లకండి. సైకాలజీ, ప్రత్యేక విద్య, స్పీచ్, ఫిజియో అన్నీ చూపించాలంటే రెండు రోజులు పట్టొచ్చు. పిల్లాడు తినేది, నిద్రపోయే వేళ, ఇంట్లో తను చేసుకునే పనులు ఒక కాగితం మీద ముందే రాసుకుని, బడిలో రాసిన నోటుపుస్తకం ఒకటి వెంట తీసుకెళ్లండి. కొత్త చోట పిల్లలు చేసేవి కూడా చేయరు, ఆ నోటుపుస్తకమే వాళ్ల తరఫున మాట్లాడుతుంది.

పైతరగతుల భయం ఇప్పుడే వద్దు. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్నవే. మామూలు పదో తరగతి భారమైతే సార్వత్రిక విద్యాలయం ఉంది, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ అయిన ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండితే చేరి, నచ్చిన అయిదు సబ్జెక్టులు ఎంచుకుని, అయిదేళ్లలో విడతలు విడతలుగా రాసుకోవచ్చు.

చివరగా టీచర్ల గురించి. ఈ సేవ మొత్తం మండలానికి ఒకరిద్దరు కాంట్రాక్టు మనుషుల భుజాల మీద నడుస్తోంది. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో, 2024 డిసెంబర్‌లో తెలంగాణలో సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు సమ్మెకు దిగారు. వాళ్ల కోరికలు న్యాయమైనవే, కానీ అలాంటప్పుడు పిల్లల దినచర్య తెగిపోతుంది. మనిషి మారినా పిల్లాడి కథ తెగకూడదంటే ఐఈపీ ఫైలు నకలు మీ ఇంట్లో ఉండాలి. ఏప్రిల్ మూడో వారంలో, సెలవులకు ముందే, కేంద్రానికి వెళ్లి ఫైలు మొత్తం ఫోటోలు తీసుకోండి. ఏ పని ఏ మెట్టు దాకా వచ్చిందో, వేసవిలో ఇంట్లో ఏ మూడు పనులు ఆపకుండా చేయించాలో టీచర్ చేతిరాతతో ఒక పేజీ రాయించుకోండి. జూన్ 12న బడి తెరిచిన రోజు ఆ పేజీ నకలు కొత్త క్లాసు టీచర్‌కు ఇచ్చి, చేతులు కడుక్కోవడంలో ఎనిమిది మెట్లలో ఆరు తనంతట తాను చేస్తున్నాడని, ఏడో మెట్టు దగ్గర మాట చెబితే చాలని, చేయి పట్టుకోవద్దని చెప్పండి.